ఏరియల్ విరిగాక వినిపించిన కేక

ఇలా దగ్గరికి జరగండి నాన్నా. ఆ ఫోన్లు కాసేపు బోర్లించి పెట్టండి. గుమ్మంలో కూర్చున్న అమ్మాయ్, నువ్వూ లోపలికి రా. చీమకుర్తి అవతల రాతి గనుల్లో పైలట్ జీపు నడిపే ప్రసన్నకుమార్‌ని చంపేశారని చెప్పాను కదా. మర్నాడు ఇన్‌స్పెక్టర్ రెబ్కా ఆ ఊళ్లో దిగింది. ఆ పూట ఆవిడ ఏం కనిపెట్టిందో, ఎక్కడ పొరపాటు పడిందో ఇప్పుడు చెబుతాను. మధ్యలో ఎవరూ లేవకండి.

రెబ్కా స్టేషన్ మెట్లెక్కేసరికి లోపల లాఠీ చప్పుడు వినిపిస్తోంది, తడిబట్ట బండకేసి బాదినట్టు. లాకప్ గదిలో లారీ డ్రైవర్ యలమందని కిటికీ ఊచకి చేతులు కట్టి వేలాడదీశారు. కాలి బొటనవేళ్లు మాత్రమే నేలకి ఆనుతున్నాయి. ఇంటి కప్పంత రాతి దిమ్మెలు లారీకెత్తుకుని లోయలోంచి పైకి తెచ్చే మనిషి, తల నిలబెట్టలేక మెడ వాల్చేశాడు. అరికాళ్లు చిట్లి నేలంతా నెత్తురు మరకలు.

సి.ఐ. చైతన్యకృష్ణ మడిచిన చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

“రండి రెబ్కాగారూ. ఎస్పీగారు మిమ్మల్ని పంపుతున్నారని ఫోనొచ్చింది. వినుకొండలో హత్యలు జరగడం మానేశాయా?”

“ముందు ఇతన్ని దించండి.”

“సాయంత్రానికి సంతకం పెడతాడు. పెట్టగానే నేనే దించి బిర్యానీ పెట్టిస్తా.”

“సాయంత్రానికి చెయ్యి కదలాలి కదండీ సంతకానికి.”

చైతన్యకృష్ణ కళ్లతో సైగ చేస్తే కానిస్టేబుల్ కట్లు కాస్త సడలించాడు. పాదాలు నేలకి ఆనాయి గానీ విప్పలేదు. రెబ్కా తన సీసాలో నీళ్లు యలమంద నోట్లో పోసింది. సగం గడ్డం మీదుగా కారిపోయాయి.

“ప్రసన్నకుమార్‌తో గొడవేంటి నీకు?”

“మొన్న టీ కొట్టు కాడ మాటామాటా అనుకున్నామమ్మా. నా లారీని రెండుసార్లు వెనక్కి నెట్టాడని. అంతే. ఆ సాయంత్రం ఇద్దరం కలిసే బజ్జీలు తిన్నాం.”

“నీ చొక్కాకి రక్తం?”

“ఒళ్లో పెట్టుకున్నానమ్మా వాణ్ణి. నీళ్లడిగాడు. మింగలేకపోయాడు.”

“నీ లారీలో సెట్టు వేసే ఉందా?”

“వేసే ఉంది. బుల్లయ్య ఎప్పటిలాగే మధ్యమధ్య లారీ నంబర్లు పిలుస్తున్నాడు. ప్రసన్న పలకడం లేదు. ఎందుకా అని నేనే దిగి నడిచెళ్లాను.”

“అతని కేక సెట్లో వినలేదా?”

“లేదమ్మా. నా బిడ్డ మీదొట్టు.”

చైతన్యకృష్ణ పళ్లికిలించాడు. “డ్రైవర్లందరిదీ ఇదే పాట. ఒక్కడూ వినలేదంట. వీణ్ణి కాపాడుకుంటున్నారు.”

మీకు ఆ సెట్టు సంగతి చెప్పాలి. రాతి గుంటల్లో ఫోన్లు పలకవు. ఇరుకు దారి, ఎదురెదురు లారీలొస్తే చావే. అందుకని బండి బండికీ వైర్‌లెస్ సెట్టు బిగించారు. చేతిలో ఇమిడే మైకు, దాని పక్కన బటను. నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. నొక్కినంతసేపూ మన మాట అందరికీ వెళుతుంది, ఎవరి మాటా మనకి రాదు. ముందు వెళ్లే పైలట్ జీపు ఏ లారీ రావాలో, ఏది ఆగాలో చెబుతుంది. కొండకి అవతల, లారీలు తూచే కాటా పక్కన కంట్రోల్ రూమ్. అక్కడ కుర్చీలో కూర్చుని అందరినీ నడిపించేవాడు బుల్లయ్య. ముందురోజు మధ్యాహ్నం ప్రసన్నకుమార్ సెట్లో “యలమందా, చంపొద్దురా” అని అరిచాడనీ, తన చెవులతో విన్నాననీ సాక్ష్యం చెప్పింది అతనే. ఆ ఒక్క మాట మీద యలమంద మెడకి ఉరితాడు సిద్ధమవుతోంది.

రెబ్కా బయటికొచ్చేసరికి యలమంద పెళ్లాం కోటేశ్వరి గేటు దగ్గర నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు స్టీలు క్యారేజీలు. గనుల్లో మనుషులకి రోజూ అన్నం మోసేది ఆవిడే. రెబ్కాని పక్కకి లాగి చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో దాని చోట అది చెబుతాను. వినగానే రెబ్కా ఒకసారి వెనక్కి స్టేషన్ వైపు చూసింది.

“ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?”

“చెబితే నన్ను కూడా ఆ ఊచకి కట్టరా అమ్మా?”

“ఇప్పుడెక్కడికి?”

“కంట్రోల్ రూమ్‌కి క్యారేజీ ఇయ్యాల. మానేస్తే బుల్లయ్యకి అనుమానం వస్తది.”

రెబ్కా ఒక్క క్షణం తటపటాయించింది. “ఇచ్చెయ్. ఏమీ తెలియనట్టు ఇచ్చేసి వెంటనే వచ్చెయ్. అక్కడ నిలబడొద్దు.”

రెండో పైలట్ బండి డ్రైవర్ అంకయ్య రెబ్కానీ సి.ఐ.నీ హత్య జరిగిన చోటికి తీసుకెళ్లాడు. చైతన్యకృష్ణ ముందు సీట్లో ఎక్కుతూనే దారికడ్డంగా వేలాడుతున్న మైకుని తీసి పక్కన పడేశాడు.

“సార్, మైకు కొక్కేనికి తగిలించాలండి. సీట్లో పెడితే బటను నొక్కుకుపోద్ది.”

“ఏరా, నాకు వైర్‌లెస్ నేర్పుతావా? నీ వయసంత సర్వీసు నాది.”

అంకయ్య మైకు తీసి తనే కొక్కేనికి తగిలించాడు.

రాతి ముక్కలు పోసిన గుట్ట వెనక ప్రసన్నకుమార్ జీపు అలాగే ఉంది. తలుపు తెరిచేసరికి ఈగలు మొహం మీదికి లేచాయి. సీటు మీద నెత్తురు ఎండి అట్ట కట్టింది. అద్దం మీద, పైకప్పు మీద సన్నటి చారలుగా చిమ్మింది. ఆ చారల్ని చూసి రెబ్కా ఆగింది.

“రాయితో కొట్టి చంపాడన్నారు కదా మీరు?”

“తల పగిలింది. రాయి దొరికింది. ఇంకేం కావాలి?”

“తల పగిలింది ఆఖర్న. అంతకుముందు వాతలు తేలేలా కొట్టారు. వచ్చే దారిలో ఆస్పత్రిలో ఆగి శవాన్ని చూశాను, భుజాల మీదా మొహం మీదా వాతలు. వేలు కంటే సన్నం. ఒక్కో వాత చివర గుండ్రంగా కమిలింది. బెల్టు వాత అలా ఉండదు, కర్రదీ ఉండదు.” జీపు వెనక్కి నడిచి బంపరు చూపించింది. “ఇక్కడేం ఉండాలి అంకయ్యా?”

“ఏరియల్ అమ్మగారూ. సెట్టుకి అదే ప్రాణం.” అంకయ్య వంగి చూశాడు. “మొదలుకంటా విరిచేశారు.”

గుట్ట మీద రాళ్ల మధ్య వాళ్లు గంటసేపు వెతికారు. చైతన్యకృష్ణ నీడలో నిలబడి సిగరెట్ కాల్చాడు. చివరికి రెబ్కాయే ఒక పలక లేపితే అది బయటపడింది. మనిషి చెయ్యంత కడ్డీ, వంకర్లు పోయి ఉంది. మొదట్లో స్ప్రింగు. స్ప్రింగు చుట్టల్లో వెంట్రుకలూ, ఎండిన చర్మం ముక్కా.

రెబ్కా జీపు లోపలికి మళ్లీ తల పెట్టింది. మైకు తీగ సాగి తెగే దాకా వచ్చింది. శవం గుప్పిట్లోంచి ఆ మైకుని వేళ్లు విరిచి తియ్యాల్సొచ్చిందని కానిస్టేబుల్ చెప్పాడు ఆమెకి. సెట్టు మూత విప్పమంటే అంకయ్య విప్పాడు. మాడిన వాసన గుప్పుమంది. లోపల సగం నల్లగా కమిలిపోయింది.

“ఏరియల్ లేకుండా బటను నొక్కి పట్టుకుంటే ఇంతేనమ్మా. పోవాల్సిన పవరు పోయే దారి లేక లోపలే కాల్చేసుకుంటది.”

“అయితే మాట ఎంత దూరం పోతుంది?”

“ఈ గుట్ట కూడా దాటదు.”

రెబ్కా అంకయ్యని కాపలా ఉండమని, తను అతని బండిలోకి వచ్చి కూర్చుంది. చైతన్యకృష్ణ పక్కన నిలబడ్డాడు. ఆమె కొక్కెం నుంచి మైకు తీసి, నోటికి నాలుగు వేళ్ల ఎడంగా పట్టుకుని బటను నొక్కింది.

“బుల్లయ్యగారూ, ఇన్‌స్పెక్టర్ రెబ్కాని. వినపడుతోందా?”

వదిలింది. సెట్టు గరగరలాడింది. “వినపడుతోంది మేడం. చెప్పండి.” మెత్తటి గొంతు, అలవాటైన గొంతు.

“నిన్న ప్రసన్నకుమార్ కేక వినేటప్పటికి మీరెక్కడున్నారు?”

“కుర్చీలోనే మేడం. పొద్దుటి నుంచీ లేవలేదు. డ్రైవర్లని అడగండి, నా గొంతు వింటూనే ఉన్నారు.”

“మాటలు స్పష్టంగా వినపడ్డాయా?”

“నా పక్కనుండి అరిచినట్టే.”

“కొడుతున్నప్పుడు అరిచాడా? కొట్టకముందా?”

సెట్టు మళ్లీ గరగరలాడింది. “కొడుతుండగానే మేడం. దెబ్బ చప్పుడు కూడా వినపడింది. చుయ్ చుయ్‌మని.”

చైతన్యకృష్ణ మైకు లాక్కుని “శెభాష్ బుల్లయ్యా, కోర్టులో కూడా ఇలాగే చెప్పాల” అని, ఆ మైకుని సీటు మీదికి విసిరి, వచ్చి దాని పక్కన కూలబడ్డాడు. పక్కనే అనుకున్నాడు.

“విన్నారుగా. ఇంకెందుకండీ ఎండలో?”

“విన్నాను. చంపినవాడు బుల్లయ్య.”

చైతన్యకృష్ణ పకపకా నవ్వాడు. “కుర్చీలో కూర్చునా?”

“కొట్టింది ఏరియల్‌తో. అంటే మొదటి దెబ్బ పడేసరికే ఏరియల్ విరిగింది. ప్రసన్నకుమార్ దెబ్బలు తింటూ మైకు నొక్కి అరిచాడు. ఆ కేక గుట్ట దాటలేదు. ఏ డ్రైవరూ వినలేదు, అబద్ధమాడలేదు. కొండ అవతలున్నవాడు ఎలా వింటాడు?”

“కంట్రోల్ రూమ్ ఏరియల్ తాటిచెట్టంత ఎత్తు. దానికి దొరికుండొచ్చు.”

“బయటికి పోని మాట ఎంత ఎత్తున చెవి పెట్టినా దొరకదండీ. దెబ్బ చప్పుడు చుయ్‌మందట. రాయి చుయ్‌మంటుందా? ఆ చప్పుడు ఇక్కడ నిలబడి కడ్డీ ఊపినవాడే విన్నాడు. మైకు నొక్కడం చూశాడు, ఊరంతా విన్నదని భయపడ్డాడు. విన్నవాళ్లు నోరు తెరవకముందే ఆ కేకకి ఒక పేరు తగిలించాడు. తను విరిచిందేమిటో ఆ కోపంలో తనకే గుర్తులేదు.”

“మరి అప్పుడు సెట్లో పలికిందెవరండీ, వాడి దెయ్యమా? నంబర్లు పిలుస్తూనే ఉన్నాడు కదా.”

“గొంతుకి ఇంటి నంబరు ఉండదు సార్. అతని సొంత కారులో కూడా సెట్టుందని అంకయ్య చెప్పాడు. అందులోంచి పిలిస్తే కుర్చీలో ఉన్నాడో గుట్ట వెనక ఉన్నాడో ఎవరికి తెలుస్తుంది?”

“సాక్ష్యం కావాలి రెబ్కాగారూ. ఊహలు ఎస్పీగారికి చెప్పుకోండి.”

రెబ్కాకి ఓపిక పోయింది. ఊచకి కట్టిన మనిషి కళ్ల ముందున్నాడు.

“సాక్షి ఉంది. కోటేశ్వరి. నిన్న క్యారేజీ ఇవ్వడానికి కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లింది. కుర్చీ ఖాళీగా ఉంది. ఖాళీ కుర్చీ ముందున్న సెట్లోంచి బుల్లయ్య గొంతు లారీ నంబర్లు పిలుస్తోంది. భయపడి క్యారేజీ అక్కడ పెట్టి వచ్చేసింది.”

చైతన్యకృష్ణ నోటి దగ్గర సిగరెట్ ఆగిపోయింది. “ఇప్పుడెక్కడుంది ఆవిడ?”

“అక్కడికే వెళ్లింది. ఇవాళ్టి క్యారేజీ…”

ఆమె మాట మింగేసింది. ఎదురుగా సెట్టు మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. బటను నొక్కినప్పుడు మాత్రమే వెలిగే దీపం. బయట, గుట్ట కింద ఆగిన లారీ సెట్లో అంతా విన్న అంకయ్య రెండు చేతులూ ఊపుతూ రాళ్ల మీద పడుతూ లేస్తూ పరిగెత్తుకొస్తున్నాడు.

“లేవండి. మీ కింద మైకుంది, లేవండి.”

చైతన్యకృష్ణ లేచాడు. దీపం ఆరింది. ఆరిన వెంటనే సెట్టు ఒక్కసారిగా ఊళ్లో జనమంతా విరుచుకుపడ్డట్టు అరిచింది. “సార్ లెగండి సార్, మొత్తం వినపడుతోంది.” “ఒరేయ్ బుల్లిగా, నువ్వేనంట్రా.” “కాటా కాడ ఎవరున్నారు, ఎవరున్నార్రా అక్కడ.” ఆ గొంతులన్నిటినీ తొక్కేస్తూ పెద్ద సెట్టు గొంతు వచ్చింది.

“మేడంగారూ, క్యారేజీ వచ్చింది. తెచ్చిన మనిషి కూడా ఇక్కడే ఉంది. తలుపు గడియ పెట్టాను.”

రెబ్కా మైకు నొక్కబోయి ఆగింది. అతను వదిలితే కదా ఎవరి మాటైనా పోయేది. కంట్రోల్ రూమ్‌లో బల్ల మీద పెట్టే మైకు. దాని బటనుని నొక్కినట్టే ఉంచడానికి గడి ఉంటుంది. టక్కుమని గడి పడిన చప్పుడు వినిపించింది.

“మైకు ఇలాగే ఉంచుతా. మీరు అందరూ వినండి. సింగరాయకొండ దగ్గర హైవే ఎక్కేదాకా నా కారుకి ఒక్క బండి అడ్డమొచ్చినా దీని గొంతు కోసేస్తా.”

అంకయ్య అప్పటికే స్టీరింగ్ పట్టుకున్నాడు. బండి రాళ్ల మీద ఎగిరిపడుతూ కొండ చుట్టు తిరిగింది. రెబ్కా చేతిలో మైకు ఉంది, పనికిరాని మైకు. ఏం చెప్పినా ఎవరికీ చేరదు. వినడం ఒక్కటే.

విన్నారు. “వాణ్ణి ఎందుకు చంపావయ్యా, నీకేం ద్రోహం చేశాడు?” అని కోటేశ్వరి అడగడం విన్నారు. “దొంగ లోడ్లకి నేను వేరే ఛానల్లో దారి చెబుతుంటే చాటుగా వింటాడా? వింటే ఊరుకోవాల. పోలీసులకి చెబుతానన్నాడు” అని బుల్లయ్య అనడం విన్నారు. తర్వాత క్యారేజీ గిన్నె మూత తీసిన చప్పుడు.

“చేతిలో ఏంటే అది?”

“కారం.”

వెంటనే బుల్లయ్య పెట్టిన కేక వింటే చైతన్యకృష్ణ కూడా చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. మన వైపు కొరివి కారం కళ్లలో పడితే ఏమవుతుందో మీకు చెప్పాలా. గుడ్డివాడిలా కత్తి విసురుతున్నాడు. గాజు పగిలింది, కుర్చీ విరిగింది, కోటేశ్వరి అరిచింది. ఆ అరుపుతో పాటు పెద్ద ఇంజను రొద, హారను, గోడ కూలినట్టు ఒక దెబ్బ. కాటా మీదున్న లారీ కంట్రోల్ రూమ్ తలుపుని బంపరుతో లోపలికి తోసేసింది. డ్రైవర్లు పడ్డారు లోపలికి. ఆ తర్వాత వినిపించినవన్నీ దెబ్బలే. జాకీ రాడ్డు ఎముక మీద పడితే వచ్చే చప్పుడు వేరు. ప్రతి దెబ్బకీ “ఇది ప్రసన్నకి, ఇది ప్రసన్నకి” అంటున్నాడు ఎవడో ఏడుస్తూ.

“చంపేస్తారు” అంది రెబ్కా. “వాడు చస్తే అంతా పోయింది. ఆపండి, ఆపండి” అని మైకులో అరుస్తూనే ఉంది. ఎర్ర దీపం వెలుగుతోంది, మాట ఎవరికీ అందడం లేదు.

అప్పుడు సెట్లో కోటేశ్వరి గొంతు వచ్చింది. రొప్పుతోంది.

“ఆపండన్నా. రాడ్డు కింద పెట్టు అక్బర్ అన్నా. వీడు చస్తే నా మొగుణ్ణి ఊచ మీంచి ఎవరు దించుతారు? వీడి నోరు నాకు కావాల. పళ్లు రాలగొట్టారు, చాలు. నాలుక ఉంచండి.”

దెబ్బలు ఆగాయి.

రెబ్కా వెళ్లేసరికి కోటేశ్వరి బల్ల కింద కూర్చుని ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. కొంగు చుట్టి నోటితో ముడి బిగిస్తోంది. బుల్లయ్య గోడకానుకుని కళ్లు తెరవలేక, నోట్లోంచి నెత్తురూ చొంగా కారుస్తూ కూర్చున్నాడు. చుట్టూ డ్రైవర్లు. రెబ్కా ముందు బల్ల మీది మైకు గడి ఎత్తేసింది. అందరూ చైతన్యకృష్ణ వైపే చూస్తున్నారు.

అతను బల్ల మీది ఫోన్ తీసి స్టేషన్‌కి చేశాడు. “యలమందని దించండి. డాక్టర్ని పిలవండి. ఇప్పుడే.”

“ఫోన్లో చెబితే మాకేం తెలుస్తుందండీ” అన్నాడు అక్బర్. “సెట్లో చెప్పండి. ఇందాక అన్నీ సెట్లోనే చెప్పారుగా, కూర్చుని మరీ.”

ఎవరో ముక్కుతో నవ్వాడు. చైతన్యకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి. బయటికి నడిచి అంకయ్య బండెక్కాడు. ఎక్కేముందు సీటంతా చేత్తో తడిమి చూశాడు. మైకు నొక్కాడు. “యలమంద చంపలేదు. చంపింది బుల్లయ్య. అందరూ విన్నారా?” వదిలాడు. లారీ వెంట లారీ పలికింది: విన్నాం, విన్నాం. అతను మైకుని కొక్కేనికి తగిలించి, సరిగ్గా పడిందా లేదా అని లాగి చూశాడు.

లోపల రెబ్కా ఆ పెద్ద సెట్టు ముందు నిలబడింది. ప్రసన్నకుమార్ చాటుగా విన్నాడన్న ఛానల్ ఏదో చూడాలి. నాబ్ నెమ్మదిగా తిప్పుతూ పోయింది. అన్నిట్లో ఖాళీ గరగరే. చివరి దానికి ముందుది తిప్పగానే ఎవరిదో పెద్దమనిషి గొంతు, తొందర లేని గొంతు, చాలాసేపటి నుంచి పిలుస్తున్నట్టు పలికింది.

“బుల్లయ్యా, పలకవేంరా? ఆ డ్రైవర్ గాడి పని అయిందన్నావు, సరే. పొద్దున్నే వినుకొండ నుంచి దిగిందంట ఒక ఇన్‌స్పెక్టరమ్మ. దాని పని ఎప్పుడు?”

గోడకానుకున్న బుల్లయ్య పళ్లులేని నోటితో నవ్వాడు. రెబ్కా గుమ్మంలోకొచ్చిన చైతన్యకృష్ణని చూసింది, వేలితో మైకు చూపించింది. ఆడగొంతు పలికితే వాడు మాయమైపోతాడు. చైతన్యకృష్ణ కాసేపు ఆమెనే చూశాడు. తర్వాత వంగి, గొంతు మెత్తగా చేసుకుని బటను నొక్కాడు.

“రాత్రికి.” అన్నాడు. “మీరొస్తారా, నన్నే కానిమ్మంటారా?”

వదిలాడు. ఇద్దరూ సెట్టు మీదికి వంగారు.

“నేనే వస్తా” అంది సెట్టు.

ఇవాళ్టికి ఇంతవరకే పట్టుకోండి నాన్నా. రేపు మీరు ఎవరికైనా చెప్పేటప్పుడు పేర్లు మర్చిపోతే మర్చిపోండి గానీ, జాకీ రాడ్ల మధ్య నిలబడి “నాలుక ఉంచండి” అన్న కోటేశ్వరి మాట మాత్రం తప్పు పోకుండా చెప్పండి. నేను లేనప్పుడు కూడా ఎవరో ఒకరు చెబుతుండాలి అది.